మెడలో నరం నొక్కుకుని చెయ్యి లాగుతుంటే: ఇంట్లో ఏం చూసుకోవాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి

నొప్పి చేతిలో, తప్పు మెడలో. ఈ జబ్బులో మొదటి చిక్కు ఇదే. భుజం పట్టేసిందని ఒకరు, మోచెయ్యి బెణికిందని ఒకరు నెలల తరబడి అక్కడే నూనె రాస్తుంటారు. రెండో చిక్కు ఇంకా పెద్దది. నొప్పి ఎంత ఎక్కువుంటే జబ్బు అంత ముదిరినట్టని అందరూ అనుకుంటారు. ఫిజియోథెరపీ చేసే మాకు తరచూ కనిపించేది వేరు. రాత్రంతా నిద్ర లేక అల్లాడుతూ వచ్చిన మనిషి చెయ్యి పట్టి చూస్తే బలం ఎక్కడా తగ్గి ఉండదు. అలాంటివాళ్ళు చాలావరకు కొన్ని వారాల్లో కోలుకుంటారు. "నొప్పి తగ్గిపోయిందండీ, కాస్త పట్టు జారుతోందంతే" అని నింపాదిగా వచ్చి కూర్చునేవాళ్ళ విషయంలోనే మేం కంగారు పడతాం. బలం తగ్గితే నొప్పి పెట్టదు కదా, అందుకని ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ నొప్పి కంటే బలం గురించే ఎక్కువ మాట్లాడేది అందుకే.

మెడలో ఏడు ఎముకలుంటాయి. వాటి సందుల్లోంచి ఒక్కో వైపుకు ఎనిమిది నరాల మొదళ్ళు బయటికి వస్తాయి. ఎముకలను సి1 నుంచి సి7 దాకా, నరాలను సి1 నుంచి సి8 దాకా లెక్కిస్తారు. చేతికి వెళ్ళేవి ప్రధానంగా కింది నాలుగూ, వీపు మొదటి ఎముక కింద నుంచి వచ్చే ఇంకొకటీ. వయసులో ఉన్నవాళ్ళకి ఎముకల మధ్య ఉండే డిస్కు పక్కకి ఉబ్బి నరం మొదలును నొక్కుతుంది. యాభై దాటాక డిస్కు అరిగి, ఎముక అంచులు పెరిగి, నరం వచ్చే సందే ఇరుకైపోతుంది. మన ఊళ్ళలో 'మెడ అరిగింది', 'స్పాండిలైటిస్' అని చెప్పేది ఎక్కువగా దీన్నే.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 1976 నుంచి 1990 దాకా ఈ జబ్బు తేలిన 561 మంది వివరాలను పరిశీలించారు. ఏటా లక్ష మందిలో దాదాపు 83 మందికి ఇది కొత్తగా వస్తోందని తేలింది. 26 శాతం మందికి ఆపరేషన్ జరిగింది. చివరిసారి చూసేటప్పటికి 90 శాతం మందికి ఇబ్బంది లేదు, ఉన్నా స్వల్పంగానే ఉంది. ఇంటర్నెట్‌లో రకరకాలుగా చదివి భయపడేవాళ్ళు ముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

1. ముందు గుండె, వెన్నుపాము సంగతి తేల్చుకోండి

చెయ్యి లాగుతూ దాంతోపాటు ఛాతీలో బరువు, చల్లని చెమటలు, ఆయాసం, దవడలోకి పాకే నొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఇక చదవడం ఆపి 108కి ఫోన్ చెయ్యండి. ఎడమ చెయ్యే కానక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళకీ, ఆడవాళ్ళకీ ఛాతీ నొప్పి లేకుండా కూడా గుండెపోటు రావచ్చు. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే చేతి నొప్పిని మెడ నొప్పి అనుకోకండి. గ్యాస్ అని సోడా తాగి పడుకోకండి.

వెన్నుపామే నొక్కుకుంటే కథ మారిపోతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్ళు తడబడటం, రెండు చేతులూ మొద్దుబారడం, నడుస్తుంటే కాళ్ళు బిగుసుకుని తూలడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం లేదా రాకపోవడం దీని గుర్తులు. ఇందులో నొప్పి అసలు లేకపోవచ్చు. మూత్రంలో తేడా వచ్చినా, కాళ్ళు పట్టు తప్పినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మిగతావి ఉంటే ఒకట్రెండు రోజుల్లో న్యూరో డాక్టరుకు చూపించాలి.

బండి మీద నుంచి పడ్డాకో, చెట్టు మీద నుంచి జారాకో మొదలైన నొప్పికి ముందు ఎక్స్‌రే, ఆ తరవాతే మిగతా మాట. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి ఏ వైపు తిరిగినా వదలని మెడ నొప్పి ఉంటే వెన్నెముక టీబీ, కేన్సర్ లాంటివి కాదని తేల్చుకోవాలి. మన దేశంలో వెన్నెముక టీబీ అంత అరుదైనదేమీ కాదు. పొగ తాగేవాళ్ళకి భుజం నుంచి చిటికెన వేలి వైపు వదలకుండా సలుపుతూ అదే వైపు కనురెప్ప వాలితే ఊపిరితిత్తి పైభాగంలో కేన్సర్ గడ్డ ఉందేమో చూడాలి. చర్మం మండుతూ రెండు మూడు రోజులకు నీటిపొక్కులు తేలితే అది సర్పి. దానికి మందు పొక్కులు వచ్చిన మూడు రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది.

2. ఏ వేలు? అసలు ఆధారం అక్కడుంది

చెయ్యంతా నొప్పి అని చెప్పకండి. కళ్ళు మూసుకుని, తిమ్మిరి ఏ వేలిలో ఎక్కువుందో గమనించండి. బొటనవేలు, చూపుడువేలు అయితే సాధారణంగా సి6. నడిమివేలు అయితే సి7. ఉంగరపు వేలు, చిటికెన వేలు అయితే సి8. వేళ్ళలో ఏమీ లేకుండా భుజం పైనా, జబ్బ బయటి వైపునా ఉంటే సి5. వీటిలో ఎక్కువగా దెబ్బతినేది సి7, ఆ తరవాత సి6. చాలామందికి రెక్క ఎముక లోపలి అంచున ఒకచోట గట్టిగా సలుపుతుంది. అదీ మెడ నుంచి వచ్చేదే. అక్కడ జండూబామ్ రాస్తే కాసేపు చల్లగా ఉంటుంది, అంతకు మించి ఏమీ జరగదు.

అయితే నరం నొక్కుకునేది మెడలోనే కానక్కర్లేదు. మణికట్టు దగ్గర నొక్కుకుంటే బొటనవేలి నుంచి ఉంగరపు వేలి సగం దాకా తిమ్మిరెక్కుతుంది. అర్ధరాత్రి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే హాయిగా ఉంటుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళకీ, గర్భిణులకీ ఇది ఎక్కువ. రాత్రి మణికట్టుకు స్ప్లింట్ (వంగకుండా నిలిపి ఉంచే పట్టీ) కట్టుకుంటే చాలామందికి సగం బాధ పోతుంది. మోచెయ్యి దగ్గర నొక్కుకుంటే చిటికెన వేలూ, దాని పక్క వేలి సగమూ మొద్దుబారతాయి. చెయ్యి మడిచి గంటల తరబడి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేవాళ్ళలో ఇది చూస్తుంటాం. రెండు చేతులతోపాటు రెండు పాదాలూ తిమ్మిరెక్కితే మెడను పక్కనపెట్టి షుగర్, బి12 పరీక్షలు చేయించండి.

మెడదేనని అనుమానం బలపడేది మెడ కదలికతో. చెంబు ఎత్తి, ఎంగిలి కాకుండా గొంతులో నీళ్ళు పోసుకుంటారు చూడండి, అప్పుడు తల వెనక్కి వాలుతుంది. ఆ వంపులో నరం సందు ఇంకా ఇరుకవుతుంది. ఆ క్షణంలో చెయ్యి వేళ్ళదాకా జివ్వుమంటే అనుమానం మెడ మీదే. సీలింగ్ ఫ్యాన్ తుడిచేటప్పుడు, అటక మీద సామాను తీసేటప్పుడు, నొప్పి ఉన్న వైపుకే తల తిప్పి వెనక చూసేటప్పుడు వచ్చేదీ అలాంటిదే. రెండో గుర్తు ఇంకా బాగుంటుంది. నొప్పి ఉన్న చేతిని తల మీద పెట్టుకుంటే బాధ తగ్గుతుంది. బస్సులో, ఆసుపత్రి బెంచీ మీద అరచెయ్యి నడినెత్తిన పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే నోరు తెరవకముందే మాకు సగం అర్థమైపోతుంది. భుజం కీలు జబ్బు ఉన్నవాళ్ళకి అదే పని చేస్తే నొప్పి పెరుగుతుంది, అసలు చెయ్యే పైకి లేవదు.

తలను వెనక్కి, పక్కకి వంచి పైనుంచి అదిమి చూసే పరీక్ష ఒకటుంది. అది డాక్టరుకో, ఫిజియోకో వదిలెయ్యండి. వీడియోలు చూసి ఇంట్లోవాళ్ళతో నెత్తి మీద నొక్కించుకోకండి.

3. బలం చూసుకోండి, రాసి పెట్టుకోండి

పరీక్షలన్నీ రెండు చేతులకీ చెయ్యాలి. బాగున్న చెయ్యే కొలబద్ద. కుడి వాటం వాళ్ళకి కుడి చెయ్యి సహజంగానే కొంచెం బలంగా ఉంటుంది, ఆ తేడాని పట్టించుకోకండి.

దండెం మీద బట్టలు ఆరేస్తున్నట్టు చెయ్యి పక్కకి ఎత్తి పట్టుకోండి, ఇంకొకరు మోచెయ్యి పైన మెల్లగా కిందికి నొక్కాలి. ఇది సి5. అరచెయ్యి పైకి పెట్టి సగం నిండిన బకెట్ ఎత్తడం, పిడికిలి బిగించి మణికట్టు పైకి లేపి ఉంచడం సి6. గోడకు అరచెయ్యి ఆనించి నెట్టడం, కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవడం సి7. ఇక్కడే చాలామంది మోసపోతారు. మోచెయ్యి వంచే కండ బలంగా ఉంటే చాలనుకుంటారు, చాచే కండను ఎవరూ చూసుకోరు. చపాతీ కర్ర ఒత్తేటప్పుడు ఒక వైపు పల్చబడటం లేదంటే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. సీసా మూత తిప్పడం, తాళం తిప్పడం, గోళ్ళు కత్తిరించుకోవడం సి8.

నొప్పి వల్ల చెయ్యి లేపలేకపోవడం వేరు, నొప్పి లేకపోయినా కండ లొంగకపోవడం వేరు. రెండోదాన్నే బలహీనత అంటున్నాను. తేదీ వేసి ఒక కాగితం మీద రాయండి: ఏ వేలు తిమ్మిరి, నొప్పి పదికి ఎంత, ఏ పరీక్షలో తేడా. మూడు రోజులకోసారి చూసుకుంటే చాలు, గంటగంటకీ నెట్టి చూసుకుంటే నరం ఇంకా రేగుతుంది. బలం రోజురోజుకీ తగ్గుతుంటే, మణికట్టు వేలాడిపోతుంటే, చెయ్యి పూర్తిగా లేవకపోతే ఇంటి వైద్యం ఆపి వెంటనే వెన్నెముక డాక్టరును కలవండి.

4. మొదటి రెండు వారాలు

ఇది ఎక్కువ బాధ ఉండే కాలం. మంచాన పడుకుని ఉండిపోవడమూ తప్పే, పంటి బిగువున పని చెయ్యడమూ తప్పే.

చెయ్యి కిందికి వేలాడితే దాని బరువే నరాన్ని లాగుతుంది. కూర్చున్నప్పుడు ఒళ్ళో దిండు పెట్టి దాని మీద మోచెయ్యి ఆనించండి. నడిచేటప్పుడు చీర కొంగులోనో, ప్యాంటు జేబులోనో చేతికి ఆసరా ఇవ్వండి. పడుకునేటప్పుడు వెల్లకిలా పడుకుని మోచెయ్యి కింద మడత దుప్పటి పెట్టండి, లేదా బాగున్న వైపుకు తిరిగి దిండును కౌగిలించుకున్నట్టు దాని మీద చెయ్యి వెయ్యండి. తల కింద ఒక్క దిండు చాలు. పక్కకి తిరిగితే భుజానికీ చెవికీ మధ్య సందును అది నింపాలి. మన ఇళ్ళలో పాత బూరుగు దూది దిండ్లు గట్టిపడి మధ్యలో గుంట పడతాయి, రెండు కలిపి వేసుకుంటే మెడ మడత పడుతుంది. దిండు అసలు తీసేసి పడుకోమని చెప్పేవాళ్ళ మాట అందరికీ పనికిరాదు. బోర్లా పడుకోవడం మాత్రం మానండి, మెడ రాత్రంతా ఒక వైపు తిరిగి ఉండిపోతుంది.

కాపడం పెట్టుకోవచ్చు, హాయిగా ఉంటే ఐస్ కూడా పెట్టుకోవచ్చు. రెండూ తాత్కాలికమే. తిమ్మిరి ఉన్న చోట వేడి తెలియదు, షుగర్ ఉన్నవాళ్ళకి నీళ్ళ సంచితో చర్మం కాలిపోయిన సందర్భాలు ఉన్నాయి. మరో చేత్తో వేడి చూసుకుని గుడ్డ చుట్టి పెట్టండి.

మందుల విషయం కాస్త నిదానంగా చదవండి. పారాసిటమాల్ రోజుకు మొత్తం 3 గ్రాములు దాటకుండా వాడుకోవచ్చు. లివర్ జబ్బు ఉన్నా, మద్యం అలవాటు ఉన్నా డాక్టరును అడగండి. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి బీపీ, కిడ్నీ, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు మెడికల్ షాపు మాట మీద తీసుకోకూడదు. ఇక 'నరాల బిళ్ళలు'. వాటిని అందరూ విటమిన్లే అనుకుంటారు. అట్ట వెనక చదవండి. మిథైల్‌కోబాలమిన్ ఒక్కటే ఉంటే అది బి12, ఆ లోపం ఉన్నవాళ్ళకి మేలు చేస్తుంది, డిస్కు నొక్కుడును తగ్గించదు. దాంతోపాటు ప్రీగాబాలిన్ అనో గాబాపెంటిన్ అనో ఉంటే అది నరాల నొప్పి మందు. మగతగా ఉంటుంది, కళ్ళు తిరుగుతాయి. బండి నడపకూడదు, చాలాకాలం వాడాక ఒక్కసారిగా మానకూడదు. పెద్దవాళ్ళు రాత్రి బాత్రూముకి లేచి పడిపోయేది ఇలాంటప్పుడే. ఆర్‌ఎంపీ దగ్గర నడుముకు పొడిపించుకునే ఇంజెక్షన్‌లో స్టీరాయిడ్ ఉంటే రెండు రోజులు స్వర్గంలా ఉంటుంది, షుగర్ మాత్రం అమాంతం పెరుగుతుంది. అందులో ఏముందో పేరు అడగండి, చెప్పకపోతే వద్దనండి.

మెడ బెల్టు గురించి రెండు మాటలు. నెదర్లాండ్స్‌లో 205 మందితో జరిపిన అధ్యయనం 2009లో వచ్చింది. కొత్తగా మొదలైన ఈ నొప్పికి కొన్ని వారాల పాటు కాలర్ వాడినవాళ్ళకీ, ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్ళకీ మొదటి ఆరు వారాల్లో నొప్పి త్వరగా తగ్గింది. ఆరు నెలలకి ఏమీ చెయ్యనివాళ్ళతో పోలిస్తే తేడా లేదు. అంటే మొదట్లో కొన్నాళ్ళు వాడటంలో తప్పు లేదు. నెలల తరబడి పెట్టుకుంటే మాత్రం కండలు బలం కోల్పోతాయి.

మంగలి షాపులో క్షవరం అయ్యాక మెడ టక్కుమనిపించడం ఉంది చూశారూ, అది వద్దు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ వద్దు. మెడ ఎముకల రంధ్రాల్లోంచి మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు ఉంటాయి. ఆ విసురుకు వాటి లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. తలుపుకు తగిలించుకుని బరువులు కట్టుకునే ట్రాక్షన్ కిట్లు కూడా సొంతంగా మొదలుపెట్టకండి.

5. వ్యాయామం: ఎంతసేపని కాదు, నొప్పి ఎటు కదులుతోందని

రాత్రి నిద్ర కాస్త పట్టడం మొదలయ్యాక వీటికి దిగండి. ఒక్కటే కొలత: వ్యాయామం తరవాత నొప్పి చేతి నుంచి వెనక్కి జబ్బలోకి, జబ్బ నుంచి మెడలోకి జరుగుతుంటే, మెడలో నొప్పి కాస్త పెరిగినా సరే, అది మంచి గుర్తు. మెడలో తగ్గి వేళ్ళలోకి దిగుతుంటే ఆపెయ్యండి.

మొదటిది గడ్డం వెనక్కి లాగడం. గోడకు వీపు ఆనించి కూర్చోండి. చూపు నేరుగా ఉండాలి. తల వంచకుండా, పైకెత్తకుండా గడ్డాన్ని నేరుగా వెనక్కి, గొంతు కింద మడత పడేలా లాగండి. ఐదు సెకన్లు ఆపి వదలండి. పదిసార్లు, రోజుకు మూడు నాలుగు పూటలు. దాదాపు అందరూ చేసే పొరపాటు గడ్డాన్ని ఛాతీ వైపు దించడం. అద్దం ముందు పక్కకి నిలబడి చూసుకుంటే తెలుస్తుంది.

రెండోది రెక్క ఎముకలు రెండింటినీ వెనక్కి, కొంచెం కిందికి దగ్గర చెయ్యడం. భుజాలు చెవుల వైపు లేవకూడదు. ఇదీ ఐదు సెకన్లు, పదిసార్లు. మూడోది నొప్పి రానంతవరకే మెడను మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పడం. మెడను గుండ్రంగా తిప్పే పాత డ్రిల్లు అలవాటు ఉంటే దాన్ని పక్కన పెట్టండి.

నరాన్ని జరిపే వ్యాయామం ఇంకొకటుంది. చెయ్యి పక్కకి, భుజం కంటే కిందికి చాచి, అరచెయ్యి ముందుకు పెట్టి, మోచెయ్యి మెల్లగా వంచుతూ చాస్తూ ఉండాలి. చివర్లో ఆపి పట్టుకోకూడదు. తిమ్మిరి మొదలయ్యేచోటే వెనక్కి రావాలి. ఐదారుసార్లు చాలు. దీన్ని కండను సాగదీసినట్టు లాగితే రెండు రోజులు మంచం ఎక్కుతారు. ఒకసారి ఫిజియో దగ్గర నేర్చుకున్నాకే ఇంట్లో చెయ్యండి.

మా వృత్తివాళ్ళకి నచ్చని మాట ఒకటి చెబుతాను. కరెంటు ప్యాడ్లు, దీపం వేడి, ఇలాంటి యంత్రాల కింద రోజూ వచ్చి పడుకోమనే చోట నెలల తరబడి డబ్బు పెట్టకండి. వ్యాయామం నేర్పి, వారానికోసారి బలం కొలిచి రాసే ఫిజియో దొరికితే వదలకండి.

6. డాక్టరు, ఎమ్మారై

బలం బాగానే ఉంటే మొదట మామూలు ఎంబీబీఎస్ డాక్టరుకు చూపిస్తే చాలు. నాలుగు నుంచి ఆరు వారాలకు తగ్గకపోతే ఎముకల డాక్టరో, న్యూరో డాక్టరో. మీరు రాసిన కాగితం, వాడుతున్న మందుల అట్టలు తీసుకెళ్ళండి.

మొదటి వారంలోనే ఎమ్మారై తీయించుకోవాలన్న తొందర అక్కర్లేదు. బలహీనతో, పైన చెప్పిన ప్రమాద గుర్తులో ఉంటే అది వేరే విషయం. జపాన్‌లో ఏ బాధా లేని 1211 మంది మెడకు ఎమ్మారై తీస్తే 87.6 శాతం మందిలో డిస్కులు ఉబ్బి కనిపించాయి. ఆ అధ్యయనం 2015లో వచ్చింది. ఇరవైల్లో ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువమందికి ఉబ్బు ఉంది. కాబట్టి రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని చూసి గుండెలు బాదుకోకండి. చూడాల్సింది పొంతన. సి5, సి6 ఎముకల మధ్య డిస్కు పక్కకి ఉబ్బితే నలిగేది సి6 నరం, అంటే బొటనవేలు. సి6, సి7 మధ్య అయితే సి7, అంటే నడిమివేలు. రిపోర్టు ఎడమ వైపు ఉబ్బు అంటుంటే మీ నొప్పి కుడి చేతిలో ఉంటే, ఆ ఉబ్బు మీ నొప్పికి కారణం కాకపోవచ్చు. ఇది డాక్టరును సూటిగా అడగండి.

మెడా మణికట్టా అని తేలనప్పుడు నరాల్లో కరెంటు పంపి చూసే పరీక్ష, కండలో సూది పరీక్ష చేస్తారు. నొప్పి మొదలైన మూడు వారాలలోపు చేస్తే సూది పరీక్షలో మార్పులు ఇంకా కనిపించకపోవచ్చు, డబ్బు దండగ.

7. ఇంజెక్షన్, ఆపరేషన్

నరం దగ్గర ఎక్స్‌రే తెర చూస్తూ ఇచ్చే స్టీరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాల ఊరటనిస్తుంది. మెడలో అది నడుములో ఇచ్చినంత తేలిక కాదు, అరుదుగా తీవ్రమైన ప్రమాదం జరగొచ్చు. అనుభవం ఉన్నవాళ్ళ చేతే చేయించుకోవాలి.

ఆపరేషన్ మాట మూడు సందర్భాల్లో వస్తుంది: బలం తగ్గుతూ పోవడం, వెన్నుపాము నొక్కుకోవడం, ఆరు నుంచి పన్నెండు వారాలు అన్నీ చేసినా బతకనివ్వని నొప్పి. ఎక్కువగా గొంతు ముందు నుంచి వెళ్ళి డిస్కు తీసి, ఎముకలు రెండింటినీ కలిపేస్తారు, లేదా కృత్రిమ డిస్కు పెడతారు. ముందు నుంచి చేస్తే కొన్నాళ్ళు మింగడం కష్టంగా ఉండొచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. వెన్నుపాము నొక్కుకోవడం, బలం రోజురోజుకీ తగ్గడం తప్ప మిగతావాటిలో ఇంకొకరి అభిప్రాయం తీసుకునే వ్యవధి సాధారణంగా ఉంటుంది. నిమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి చోట్ల న్యూరో విభాగాలున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

8. మళ్ళీ పనిలోకి

కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ళు తెర పై అంచు కంటి ఎత్తుకు తెచ్చుకోండి. లాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి విడిగా కీబోర్డు కొనుక్కుంటే పని జరిగిపోతుంది. దగ్గర చూపు అద్దాలు కిందిభాగంలో ఉన్నవాళ్ళు తెర చదవడానికి తల వెనక్కి వాల్చేస్తుంటారు. వాళ్ళకి తెర ఇంకా కిందికి ఉండాలి. టైలర్లు, కంసాలులు, మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళు అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వెయ్యండి. తల మీద మోపు, బిందె కొన్ని నెలలు వద్దు. బండి నడపడానికి ముందు రెండు విషయాలు చూసుకోండి: మెడ తిప్పి వెనక చూడగలుగుతున్నారా, బ్రేకు గట్టిగా పట్టగలుగుతున్నారా. జిమ్‌కి వెళ్ళేవాళ్ళు బరువులు తల పైకెత్తడం చివర్న మొదలుపెట్టండి.

ముందు నొప్పి పోతుంది, బలం ఆ తరవాత వస్తుంది, తిమ్మిరి అన్నిటికంటే చివర్న వదులుతుంది. వేలి కొస మొద్దుబారినట్టు నెలలపాటు ఉండిపోవచ్చు. బలం నిలకడగా ఉండి, తిమ్మిరి కొత్త వేళ్ళకి పాకకపోతే దాని కోసం మళ్ళీ ఎమ్మారై అక్కర్లేదు. వంటగదిలో మాత్రం అన్నం గిన్నె దించేటప్పుడు బట్ట వాడండి, వేడిని ఆ వేలితో చూడకండి.